43 డిగ్రీల వంటిల్లు



ఇక్కడ అజ్మాన్‌లో మే నెల వచ్చిందంటే నా ఫోన్‌కి తీరిక ఉండదు. ఏసీ చల్లగా రావట్లేదని కొందరు, ఫ్రిజ్‌లో పాలు విరిగిపోతున్నాయని కొందరు. వీటితో పాటు ఏడాది పొడుగునా వచ్చే ఫోను ఒకటుంది. "అన్నా, కొత్త ఫ్రిజ్ కొంటున్నాం. ఏ కంపెనీది తీసుకోమంటావ్? పదిహేనేళ్లు దాని జోలికి వెళ్లక్కర్లేకుండా ఉండాలి." చాలామంది ఈ ఫోను షాపులో ఫ్రిజ్‌ల వరస ముందు నిలబడే చేస్తారు. అటు సేల్స్‌మన్ మలయాళం కలిసిన హిందీలో ఆఫర్ చెబుతుంటాడు, పిల్లాడు ఐస్ పడే మీట నొక్కుతుంటాడు. ఇటు నేను ఎవరో ఒకరి వంటింట్లో నేల మీద కూర్చుని, ఫ్రిజ్ వెనక రేకు ఊడదీస్తూ ఉంటాను.

కంపెనీ పేరొకటి చెప్పేస్తే ఇద్దరికీ పని తీరిపోతుంది. నేను చెప్పను. "తలుపు తియ్యండి. లోపల పక్క గోడకి, కూరగాయల డబ్బా దగ్గర ఒక చీటీ అంటించి ఉంటుంది. దాని ఫొటో పంపండి" అంటాను. తలుపు మీద అద్దం, నీళ్ల పంపు, టీవీ లాంటి తెర, వైఫై, ఇవన్నీ కొనేవాళ్ల కోసం పెట్టినవి. ఆ చీటీ మాత్రం మాలాంటి మెకానిక్‌ల కోసం అంటించింది. మోడల్ నంబరు, లీటర్లు, లోపల ఉన్న గ్యాసు పేరు, అది ఎన్ని గ్రాములు పోశారు, కరెంటు ఎంత తీసుకుంటుంది, అన్నీ అందులో ఉంటాయి. అజ్మాన్‌లో కాపురం చేసేవాళ్లు అందులో ముందు చూడాల్సింది 'క్లైమేట్ క్లాస్' అన్న గడి.

ప్రపంచమంతటా ఫ్రిజ్‌లను నాలుగు తరగతులుగా విడగొట్టారు. ఎస్‌ఎన్ అని ఉంటే అది 10 నుంచి 32 డిగ్రీల వేడి ఉన్న గదిలో పెట్టడానికి చేసింది. ఎన్ అంటే 16 నుంచి 32 దాకా. ఎస్‌టీ అయితే 38 దాకా తట్టుకుంటుంది. టీ అని ఒంటి అక్షరం ఉంటే 43 డిగ్రీల దాకా పనికొస్తుంది. కొన్నిటి మీద 'ఎస్‌ఎన్ నుంచి టీ' అని రెండూ కలిపి రాస్తారు, అంటే 10 నుంచి 43 వరకు మొత్తానికీ సరిపోతుందని. మనకు కావలసింది టీ. ఎస్‌టీ కూడా వద్దు. యూరప్ ఇళ్ల కోసం చేసిన సరుకు ఒక్కోసారి తక్కువ ధరకి ఇక్కడికీ వస్తుంది, చూడటానికి ముచ్చటగా ఉంటుంది. చీటీలో ఎన్ అని ఉంటే అక్కడే వదిలేసి పక్క ఫ్రిజ్ దగ్గరికి వెళ్లండి.

ఎందుకింత పట్టుదల అంటారా? మన వంటిళ్ల సంగతి చూడండి. అజ్మాన్ యూఏఈ ఏడు ఎమిరేట్లలోకీ చిన్నది, మొత్తం కలిపితే 260 చదరపు కిలోమీటర్లు ఉంటుందేమో. అద్దెలు తక్కువని దుబాయిలో, షార్జాలో ఉద్యోగాలు చేసే మనవాళ్లు ఇక్కడ ఇళ్లు తీసుకుంటారు. నుఐమియా, రషీదియా, రుమైలా వైపు ఫ్లాట్లలో హాలుకీ బెడ్‌రూమ్‌కీ ఏసీ ఉంటుంది, వంటింటికి చాలా చోట్ల ఉండదు. కిటికీ ఉంటే అది లిఫ్ట్ పక్కనున్న ఇరుకు సందులోకి తెరుచుకుంటుంది. ఆ గదిలోనే నాలుగు పొయ్యిల స్టవ్వు, వాషింగ్ మెషీను, ఫ్రిజ్. ఆగస్టులో మధ్యాహ్నం బయట 45 దాటుతుంది. మనం తలుపు వేసుకుని చేపల పులుసు పెడతాం, ఆ వాసన హాల్లోకి పోకూడదు కదా. ఒకసారి అలాంటి వంటింట్లో నా థర్మామీటర్‌ని ఫ్రిజ్ వెనక్కి జార్చి చూశాను. అక్కడి గాలి స్టవ్వు ముందు గాలికంటే వేడిగా ఉంది.

ఫ్రిజ్ చలువని పుట్టించదండీ. లోపలున్న వేడిని తీసి బయట పారబోస్తుంది, అంతే దాని పని. బావిలో నీళ్లు తోడినట్టే, నీళ్లు ఎంత లోతుకి పోతే చేద అంత సేపు లాగాలి. లోపల 4 డిగ్రీలు, బయట 28 అయితే కంప్రెసర్ కాసేపు తిరిగి కాసేపు ఆగుతుంది. బయట 45 అయితే ఆగదు. పగలంతా, రాత్రంతా తిరుగుతూనే ఉంటుంది. కంప్రెసర్ లోపల ఉన్న నూనె కాగిపోయి పల్చబడుతుంది, తీగ చుట్టల మీది పూత చెడుతుంది. పదిహేనేళ్లు రావాల్సింది ఆరేళ్లకే పోయిందంటే చాలా సార్లు కంపెనీ తప్పు కాదు, ఆ మూల తప్పు. టీ తరగతి వాటికి కంప్రెసర్ బలమైనది వేస్తారు, వేడిని బయటికి పంపే గొట్టం పొడవు ఎక్కువ పెడతారు. తేడా అక్కడుంటుంది.

ఇక కంపెనీల మాటకొద్దాం, ఎలాగూ అడుగుతారు కాబట్టి. పేరు చూసి కొనే రోజులు పోయాయి. జపాన్ ఫ్రిజ్ అని తోషిబా కొంటారు. తోషిబా ఇంటి సామాన్ల వ్యాపారంలో ఎక్కువ వాటా 2016లో చైనాకి చెందిన మిడియా కొనేసింది. అమెరికా జీఈ ఫ్రిజ్‌ల వ్యాపారం అదే ఏడాది హైయర్ చేతికి పోయింది. జపాన్ బయట హిటాచీ ఫ్రిజ్‌ల విషయంలో 2021 నుంచి టర్కీ కంపెనీ ఆర్చెలిక్‌ది పెద్ద వాటా. మన దేశంలో ఒకప్పుడు పెళ్లిళ్లలో పెట్టే కెల్వినేటర్, ఆ కంపెనీని 1995లో వర్ల్‌పూల్ తీసుకుంది. ఇది చెప్పడం వాటిని తీసిపారేయడానికి కాదు. చైనా ఫ్యాక్టరీలో వచ్చే సరుకులో మంచిదీ ఉంది, నాసిదీ ఉంది. మా నాన్న కొన్నది అదే పేరు కదా అని కళ్లు మూసుకుని డబ్బు పెట్టొద్దని మాత్రమే.

నాన్న ఫ్రిజ్ అన్నాను కాబట్టి ఆల్విన్ గురించి చెప్పకపోతే నాకు తోచదు. 1942లో హైదరాబాద్‌లో మొదలైన కంపెనీ అది. సనత్‌నగర్‌లో బస్సుల బాడీలు కట్టారు, డబుల్ డెక్కర్లు సహా. ఫ్రిజ్‌లు చేశారు, తర్వాత చేతి గడియారాలు కూడా. కడప జిల్లా నందలూరులో ఫ్రిజ్‌ల ఫ్యాక్టరీ పెట్టారు. గల్ఫ్‌కి మనుషులు ఎక్కువగా వచ్చే ప్రాంతమే అది. ఆ చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు ఇక్కడ కనిపిస్తే, ఫ్యాక్టరీ ఉండి ఉంటే మనం ఇక్కడుండేవాళ్లమా అనే మాట రాకుండా టీ పూర్తవదు. 1990ల్లో ఫ్రిజ్‌ల విభాగం వోల్టాస్‌కి పోయింది, ఆ తర్వాత ఫ్యాక్టరీ మూతపడింది. ఆ ఫ్రిజ్‌లు మాత్రం మూతపడలేదు. ఊళ్లో ఇప్పటికీ ఏ మామ్మ గారింట్లోనో గోధుమ రంగు ఒంటి తలుపు ఆల్విన్ గురగురలాడుతూ ఉంటుంది. గోద్రెజ్ 1958లో మన దేశంలో మొదటి ఫ్రిజ్ తయారు చేసింది, ఆ కాలపు వాటిదీ అదే ఆయుష్షు. అమెరికాలో అయితే జీఈ వాళ్లు 1927లో తెచ్చిన మానిటర్ టాప్ అనే రకం ఫ్రిజ్‌లు కొన్ని ఇంకా తిరుగుతున్నాయి. నెత్తి మీద గుండ్రటి టోపీ పెట్టుకున్నట్టు కంప్రెసర్ పైనే కనిపిస్తుంది. దాన్ని ఉక్కు డొప్పలో పెట్టి గాలి చొరకుండా మూసేశారు, ఆ మూసేయడమే దాని ఆయుష్షు రహస్యం.

అయితే ఒక సంగతి మరిచిపోకూడదు. ఆ రోజుల్లో చెడిపోయినవి ఇప్పుడు ఎవరి ఇంట్లోనూ లేవు, ఎప్పుడో పాత ఇనుముకి పోయాయి. మిగిలినవే కనబడతాయి కాబట్టి పాతవన్నీ గట్టివే అనిపిస్తుంది. పైగా అవి కరెంటు బాగా తాగేవి. కానీ ఒక మాట నిజం. వాటిలో చెడిపోవడానికి ఏమీ లేదు. ఒక కంప్రెసర్, ఒక థర్మోస్టాట్, ఒక బల్బు. వెనక నల్లటి జాలీ బయటికే ఉండేది, కారితే అతుకు వేసేవాళ్లం. ఐస్ పేరుకుంటే ఆదివారం పూట ఆపేసి కరిగించేవాళ్లు. ఓపిక లేనివాళ్లు చాకుతో గీకి ఫ్రీజర్ రేకుకి చిల్లి పెట్టేవాళ్లు, అది మా లాంటివాళ్లకి ఉపాధి.

ఇప్పుడొచ్చే రెండు తలుపుల ఫ్రిజ్‌లు దాదాపు అన్నీ ఫ్రాస్ట్ ఫ్రీ. ఐస్ పేరుకోదు, హాయి. ఆ హాయి ఎలా వస్తుందో తెలుసుకుంటే ఏది ముందు పోతుందో తెలుస్తుంది. ఫ్రీజర్ వెనక గోడ లోపల చలువ చుట్ట దాగి ఉంటుంది. దాని మీంచి ఒక చిన్న ఫ్యాను గాలిని కిందికీ పైకీ తోస్తుంది. చుట్ట మీద మంచు పట్టినప్పుడల్లా ఒక హీటర్ వెలిగి దాన్ని కరిగిస్తుంది. ఆ నీళ్లు ఒక సన్న గొట్టంలోంచి దిగి, వెనక కంప్రెసర్ మీదున్న పళ్లెంలో పడి, కంప్రెసర్ వేడికే ఆవిరైపోతాయి. చక్కటి ఏర్పాటు. అందులో హీటర్ పోవచ్చు, ఫ్యాను మోటారు పోవచ్చు, వేడి చూసే సెన్సర్ పోవచ్చు, ఆ సన్న గొట్టం పూడుకుపోవచ్చు. కూరగాయల డబ్బా కింద నీళ్లు మడుగు కడుతున్నాయని ఒకావిడ పిలిచారు. గ్యాస్ లీకు అని ఎవరో చెప్పారట ఆమెకి. ఫ్రిజ్ లోపల వెనకవైపు చిన్న రంధ్రం ఉంటుంది, దాంట్లోకి సన్న తీగ పోనిచ్చి తిప్పితే ఎండిపోయిన కరివేపాకు రెబ్బ ఒకటి బయటికొచ్చింది. ఒక గ్లాసు గోరువెచ్చటి నీళ్లు పోశాం, పని అయిపోయింది.

ఇదే సందర్భంలో ఒక మాట గట్టిగా చెప్పాలి. ఫ్రీజర్‌లో ఐస్ గట్టిగా ఉండి కింద అర మాత్రం చల్లబడకపోతే అది చాలా సార్లు గ్యాస్ లోపం కాదు. మంచు కరగక చుట్ట అంతా గడ్డకట్టి గాలి కిందికి రావట్లేదన్నమాట. ఎవరైనా వచ్చీ రాగానే "గ్యాస్ అయిపోయింది, నింపాలి" అంటే, "ఎక్కడికి పోయింది బాబూ?" అని అడగండి. ఫ్రిజ్‌లో గ్యాస్ వాడితే అయిపోయేది కాదు. మూసిన గొట్టాల్లో అదే గ్యాస్ తిరుగుతూ ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో చిల్లి ఉంది. చిల్లి వెతక్కుండా నింపితే నెలకో రెండు నెలలకో మళ్లీ పోతుంది, మళ్లీ డబ్బులు. మా వృత్తిలో అలాంటివాళ్లు ఉన్నారు, లేరని నేను చెప్పలేను.

ఆ చిల్లి ఎక్కడుంటుందన్నది కొనేటప్పుడే ఆలోచించాల్సిన విషయం. పాత ఫ్రిజ్‌ల వెనక నల్ల జాలీ ఇప్పుడు చాలా వాటికి లేదు. వేడి గొట్టాలను పక్క గోడల రేకు లోపల, నురుగు మధ్యలో దాచేస్తున్నారు. పక్కన చెయ్యి పెడితే కాలుతుంది చూడండి, అదే. వెనక భాగం నున్నగా, అందంగా ఉంటుంది. కానీ ఆ గోడ లోపల గొట్టం తుప్పు పట్టి కారిందంటే చెయ్యి పోదు, నురుగు తవ్వలేం. అందుకే నున్నటి వీపు ఫ్రిజ్, వెనక జాలీ ఉన్న ఫ్రిజ్, రెండూ మిగతా అన్నిటిలో సమానమైతే నేను జాలీ ఉన్నదే తీసుకోమంటాను. కార్నిష్ వైపు, సముద్రం ఎదురుగా ఉండేవాళ్లకి ఇది మరీ ముఖ్యం. ఆ ఉప్పు గాలి ఇనప గొట్టాన్ని ఊరికే వదలదు. జాలీ అయితే తుప్పు కంటికి కనిపిస్తుంది, మార్చేయొచ్చు.

చీటీలో గ్యాసు పేరు కూడా ఉంటుందన్నాను కదా. ఇప్పుడు కొత్తవాటిలో ఎక్కువగా ఉండేది ఆర్ 600ఏ, అంటే ఐసోబ్యూటేన్. కొంచెం పాతవాటిలో ఆర్ 134ఏ. అంతకు ముందున్న ఆర్ 12 ఓజోన్ పొరని తినేస్తోందని 1987 మాంట్రియల్ ఒప్పందం తర్వాత మానేశారు. 134ఏ ఓజోన్‌ని ఏమీ చెయ్యదు కానీ భూమిని వేడెక్కించడంలో బొగ్గుపులుసు వాయువుకి వెయ్యి రెట్లకు పైనే. 600ఏకి ఆ దోషం దాదాపు లేదు. మంటకి అంటుకునే గ్యాసే, అందుకే కొందరు భయపడతారు. ఇంటి ఫ్రిజ్‌లో అది ఉండేది కొన్ని పదుల గ్రాములు. మీ పొయ్యి కింద సిలిండర్‌లో కిలోలకి కిలోలు ఉంటుంది, దానికి భయపడట్లేదు కదా. భయపడాల్సింది వేరే ఉంది. 600ఏ ఫ్రిజ్‌లో కొందరు తమ దగ్గర ఉన్న 134ఏ నింపేస్తారు. రెండిటి ఒత్తిళ్లు వేరు, కంప్రెసర్ అంతకి చేసింది కాదు. కొన్నాళ్లకే పోతుంది. మెకానిక్ గ్యాస్ డబ్బా తీసినప్పుడు దాని మీది అంకె, చీటీ మీది అంకె ఒకటో కాదో పక్కన నిలబడి చూడండి. ఏమీ అనుకోడు. అనుకుంటే అనుకోనివ్వండి.

ఇన్వర్టర్ సంగతి అడుగుతారు. మామూలు కంప్రెసర్ తిరిగితే పూర్తి వేగంతో తిరుగుతుంది, లేకపోతే ఆగుతుంది. ఇన్వర్టర్ రకం అవసరాన్ని బట్టి మెల్లగానో జోరుగానో తిరుగుతుంది. మొదలెట్టినప్పుడు కుదుపు ఉండదు, చప్పుడు తక్కువ, కరెంటు తక్కువ. ఎప్పుడూ తిరుగుతూ ఉండాల్సిన మన ఎండలకి అది నిజంగా మంచిదే, నేను అదే తీసుకోమంటాను. కాకపోతే దాన్ని నడిపేది ఒక సర్క్యూట్ బోర్డు. ఆ బోర్డుకి వేడి పడదు, బల్లులు పడవు, కరెంటు ఎగుడుదిగుళ్లు పడవు. కంప్రెసర్ నిక్షేపంగా ఉండి బోర్డు పోయి ఫ్రిజ్ ఆగిపోవడం తరచూ చూస్తుంటాను.

గ్యారంటీ తగాదాలు ఇక్కడే మొదలవుతాయి. జగిత్యాల వైపు తమ్ముడొకడు, నుఐమియాలో ఉంటాడు, నన్ను పిలిచి బిల్లు నా చేతిలో పెట్టాడు. "పదేండ్లు గ్యారంటీ అన్నడు గదన్నా, ఇగో స్టిక్కర్ గూడ ఉన్నది. ఇప్పుడు పైసలు కట్టుమంటరేంది?" తలుపు మీద '10' అని బంగారు రంగులో పెద్ద అంకె. దాని కింద, చీమ తల అంత అక్షరాల్లో 'కంప్రెసర్‌కి మాత్రమే'. పోయింది బోర్డు. "కంప్రెసర్‌కే తమ్మీ, మిగతాదానికి ఏడాదే" అంటే, నమ్మలేక నా వైపు కాకుండా ఫ్రిజ్ వైపు చూశాడు. చాలా కంపెనీలవి ఇంతే. మొత్తానికి ఏడాది, కంప్రెసర్‌కి పదేళ్లు, కొందరు ఇరవై. ఆ పదేళ్లలో కంప్రెసర్ పోయినా చాలా చోట్ల ఆ వస్తువు ఒక్కటే ఊరికే ఇస్తారు. గ్యాసు, బిగింపు కూలీ, మెకానిక్ రాకపోకల ఖర్చు మీవే. అందుకని షాపులో అడగాల్సింది ఎన్నేళ్లని కాదు. "బోర్డుకి ఎన్నేళ్లు? ఫ్యాను మోటారుకి ఎన్నేళ్లు? మెకానిక్ అజ్మాన్‌కి వస్తాడా, దుబాయి నుంచి రావాలా?" అని అడగండి. మూడో ప్రశ్నకి సేల్స్‌మన్ తడబడితే, జూలైలో మీరు ఎన్ని రోజులు పెరుగు లేకుండా ఉండాలో అక్కడే అర్థమైపోతుంది. బిల్లు జాగ్రత్తగా పెట్టుకోండి. ఆ కాగితం ఎండకి, వేడికి తెల్లబడిపోతుంది కాబట్టి అదే రోజు ఫొటో తీసుకోండి. ఇక్కడ 2020లో వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం కింద ఫిర్యాదు చేసే హక్కు మనకీ ఉంది, బయటి దేశం వాళ్లమని వెనక్కి తగ్గనక్కర్లేదు. కాని చేతిలో బిల్లు ఉండాలి.

లీటర్ల లెక్కలో కూడా ఒక తిరకాసు ఉంది. ఇక్కడ షాపు బోర్డుల మీద పెద్దగా రాసేది మొత్తం లీటర్లు. అరలు, డబ్బాలు, ఫ్యాను, చుట్ట ఆక్రమించిన చోటు కూడా అందులో కలిపేస్తారు. వాడుకోవడానికి మిగిలేది అంతకంటే తక్కువ. 600 అని రాసి ఉన్నదాంట్లో వంద లీటర్లకు పైగా గాల్లో కలిసిపోవచ్చు. రెండు అంకెలూ చీటీలో ఉంటాయి, చిన్న అంకెనే పోల్చి చూడండి. నలుగురున్న ఇంటికి, వారానికోసారి సరుకు తెచ్చుకుని, ఇడ్లీ పిండి రుబ్బి పెట్టుకునేవాళ్లకి వాడుకునే చోటు 300 నుంచి 400 లీటర్లు ఉంటే బాగానే సరిపోతుంది. పక్కపక్కన రెండు నిలువు తలుపులుండే రకం నాకు గిట్టదు. ఫ్రీజర్ సన్నగా పొడుగ్గా ఉంటుంది, చేపల మార్కెట్ నుంచి తెచ్చిన వంజరం పళ్లెం అడ్డంగా పట్టదు. ఐస్ మీట, నీళ్ల పంపు ఉన్నవైతే సగం ఫిర్యాదులు వాటివే. పైన ఫ్రీజర్, కింద ఫ్రిజ్ ఉండే పాత పద్ధతి రెండు తలుపులదే అన్నిటికంటే తక్కువ పేచీ పెడుతుంది.

రూముల్లో ఉండే బ్యాచిలర్లకి మాత్రం వేరే లెక్క. ఎనిమిది మంది, ఎనిమిది డ్యూటీలు, తలుపు పట్టుమని పది నిమిషాలు మూసి ఉండదు. ఒకడు వేడి వేడి అన్నం గిన్నె మూత లేకుండా పెడతాడు, ఇంకొకడు నీళ్ల సీసాలు ఒకేసారి పన్నెండు కుక్కుతాడు. వాళ్లకి ఒక పెద్ద ఖరీదైన ఫ్రిజ్ కంటే రెండు చిన్న ఒంటి తలుపువి నయం. హంగులు లేవు, బోర్డు లేదు, ఒకటి ఆగినా రెండోది ఉంటుంది. డబ్బాల మీద పేర్లు రాసుకునే గొడవ కూడా సగం తగ్గుతుంది.

నక్షత్రాల చీటీ తలుపు మీదే ఉంటుంది, ఒకటి నుంచి అయిదు. మన దేశంలో కరెంటు పొదుపు సంగతి చూసే బీఈఈ వాళ్లు 2006లో మొదలుపెట్టి, ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రిజ్‌లకి 2010లో తప్పనిసరి చేసినట్టే ఇక్కడా ఉంది. నక్షత్రాలతో ఆగకండి, కింద ఏడాదికి ఎన్ని యూనిట్లో రాసి ఉంటుంది, అదే అసలు సంగతి. అయితే ఆ అంకె మన ఆగస్టు వంటింట్లో కొలిచింది కాదు, ప్రయోగశాలలో కొలిచింది. రెండు ఫ్రిజ్‌లని పోల్చుకోవడానికి పనికొస్తుంది. బిల్లు మాత్రం దానికంటే ఎక్కువే వస్తుంది. బిల్లు అంటే ఇతిహాద్ వాటర్ అండ్ ఎలక్ట్రిసిటీ వాళ్లది, మనవాళ్లు ఇప్పటికీ పాత పేరుతో 'ఫేవా బిల్లు' అనే అంటారు.

పాత ఫ్రిజ్ కొనేవాళ్లకి నాలుగు మాటలు. వీసా రద్దయి వెళ్లిపోయేవాళ్ల దగ్గర మంచి బేరాలు దొరుకుతాయి, ఆ ఇంట్లో తిరుగుతూ ఉండగానే చూసి కొనుక్కోండి. పాత సామాన్ల షాపులో అయితే చీటీ చింపేసి ఉన్నదాన్ని ముట్టుకోవద్దు. ప్లగ్ పెట్టించి, కబుర్లు చెబుతూ అరగంట కూర్చోండి. పక్క గోడలు గానీ వెనక జాలీ గానీ వెచ్చబడాలి, ఫ్రీజర్‌లో తడి చెయ్యి అంటుకోవాలి. కంప్రెసర్ దగ్గర సన్న రాగి గొట్టం చివర కొత్త అతుకు మెరుస్తుంటే దాన్ని ఎవరో ఈమధ్యే తెరిచారన్నమాట. ఎందుకని అడగండి.

సరే, మంచిదే కొన్నారు. ఇంటికొచ్చాక దాన్ని ఎక్కడ పెడతారన్నది మిగతా సగం. కొనక ముందే లిఫ్ట్ తలుపు, వంటింటి తలుపు టేపుతో కొలవండి. వెనక ఓ జానెడు, పక్కల నాలుగేసి వేళ్లు ఖాళీ వదలండి. స్టవ్వు పక్కన పెట్టక తప్పకపోతే మధ్యలో ఒక చెక్కైనా నిలబెట్టండి. వీలుంటే వంటిల్లు వదిలేసి ఏసీ ఉన్న హాల్లో ఒక మూల పెట్టండి, చూడటానికి బాగోదంటారు ఆడవాళ్లు, ఫ్రిజ్‌కి మాత్రం అంతకంటే మేలు ఇంకోటి లేదు. పికప్‌లో పడుకోబెట్టి తెచ్చినట్టయితే వెంటనే ప్లగ్ పెట్టకండి. కంప్రెసర్‌లో నూనె గొట్టాల్లోకి పాకి ఉంటుంది, అది మళ్లీ దిగడానికి కొన్ని గంటలు నిలబెట్టి వదిలేయండి. మనం రెండేళ్లకీ మూడేళ్లకీ ఇల్లు మారేవాళ్లం కాబట్టి ప్రతి మార్పుకీ ఇది వర్తిస్తుంది. గోడలో ఉన్న సాకెట్‌కే నేరుగా పెట్టండి. ఇక్కడి మూడు చదరపు కాళ్ల ప్లగ్‌లో 13 ఆంపియర్ల ఫ్యూజు లోపలే ఉంటుంది, ఎక్స్‌టెన్షన్ బోర్డులో మైక్రోవేవ్‌తో కలిపి గుచ్చితే నల్లబడి కాలిపోయేది ఆ జాయింటే. తలుపు రబ్బరు పట్టు చూడటానికి ఒక నోటు తలుపు సందులో పెట్టి మూసి లాగండి. జారి వచ్చేస్తే అక్కడ చలువ కారుతోంది. రబ్బరు మార్చడం పెద్ద ఖర్చేమీ కాదు. ఇసుక గాలులు ఆగాక వెనక జాలీని, కింద కంప్రెసర్ అరని పాత బ్రష్‌తో దులపండి. ప్లగ్ తీసి దులపండి, మరి.

సెలవులకి ఇంటికెళ్లేవాళ్లు చివరగా ఇది వినండి. జూలై, ఆగస్టు నెలల్లో ఫ్లాట్ తాళం వేసి, ఏసీలన్నీ ఆపేసి వెళతాం. కిటికీలు మూసి ఉన్న ఆ ఇల్లు మనం ఊళ్లో ఉన్నప్పుడు ఎంత కాగుతుందో ఊహించండి. ఫ్రిజ్ ఒక్కటే లోపల తిరుగుతూ ఉంటుంది. ఆ వారాల్లో దానికి పడే శ్రమ చాలా ఎక్కువ. నన్నడిగితే నెల దాటి వెళ్లేవాళ్లు మొత్తం ఖాళీ చేసి, ప్లగ్ తీసి, లోపల పొడిగుడ్డతో తుడిచి, రెండు తలుపుల సందుల్లోనూ మడిచిన తువ్వాలు పెట్టి తెరిచి ఉంచండి. తలుపు మూసి వెళితే తిరిగొచ్చేసరికి లోపలంతా బూజు, ఆ వాసన ఏ సబ్బుకీ పోదు. ఆవకాయ జాడీని ఫ్రిజ్‌లో పెట్టే అలవాటున్నవాళ్లు పక్కింటివాళ్లకి అప్పగించండి, కొంత తగ్గుతుంది, తప్పదు.

ఖాళీ చెయ్యలేం, ఫ్రీజర్ నిండా చేపలూ మాంసమూ ఉన్నాయి అంటారా? అయితే వెళ్లే ముందు రోజు ఒక గ్లాసులో నీళ్లు పోసి ఫ్రీజర్‌లో గడ్డకట్టించండి. ఆ ఐస్ మీద ఒక దిర్హమ్ నాణెం పెట్టి వెళ్లండి. మీరు లేనప్పుడు బ్రేకర్ పడి కరెంటు పోయి, ఎవరో చూసి మళ్లీ వేసినా మీకు తెలియదు, అన్నీ గట్టిగానే కనబడతాయి. తలుపు తియ్యగానే ముందు గ్లాసు చూడండి. నాణెం పైనే ఉంటే చేపలు వండుకోవచ్చు. అడుగుకి దిగి గడ్డకట్టి ఉంటే మాత్రం, ఎంత ధర పెట్టి కొన్నవైనా సరే, కవర్ విప్పకుండా తీసుకెళ్లి కింద చెత్తకుండీలో వేసేయండి.